మా నాయనమ్మ విత్తనం దోసకాయ

మొన్న కోడలు రైతుబజారు నుంచి తెచ్చిన దోసకాయలను ఊరగాయకని తరుగుతూ, చేదేమోనని అలవాటుగా ఒక ముక్క నోట్లో వేసుకున్నాను. చేదూ లేదు, పులుపూ లేదు, ఉత్త నీళ్ళ రుచి. వెంటనే నరసన్నపేట దగ్గర మా ఊరి దొడ్డి, తడిక మీదికి పాకిన దోసపాదు, దాని ముందు వంగి ఆకులెత్తి కాయలు తడిమి చూసే మా నాయనమ్మ కళ్ళలో మెదిలారు.

ఆ కాయ గుండ్రంగా, పసుపు మీద ఆకుపచ్చ చారలతో ఉండేది; ఆవపిండిలో నెల దాటి ఊరినా ముక్క కరకరలాడేది. ఏటా ఒక మంచి కాయను పాదు మీదే బాగా పండనిచ్చి, గింజలను బూడిదలో కలిపి, పిడక మీద అద్ది ఆరబెట్టేది నాయనమ్మ. ఎవరింట ప్రార్థన జరిగినా ఊరగాయ జాడీతో వెళ్ళే ఆ మహాతల్లి, విత్తనం మాత్రం ఎవరికీ ఇచ్చేది కాదు, పక్క వీధిలోనే మెట్టిన సొంత కూతురికి, అంటే మా మేనత్తకు కూడా!

ఒక ఏడు వానలకు పాదులు కుళ్ళి ఒక్క కాయే దక్కింది. దాన్ని విత్తనానికి ఉంచాలని అమ్మ ఆశ. ఇంతలో కోత పండుగ వచ్చింది. ఎవరి పంటలో మొదటిది వాళ్ళు మందిరానికి తెచ్చి దేవునికి అర్పించడం, ఆరాధన అయ్యాక వాటిని వేలం వేయడం మా సంఘంలో ఆచారం. నాయనమ్మ ఆ కాయను కొంగులో చుట్టుకుంది.

"అత్తా, అదిచ్చీసి వచ్చే ఏడు ఏటి నాటతాం?" అంది అమ్మ కళ్ళనీళ్ళతో.

"ఇచ్చినోడికే నేదంతావేటే? పద!"

వేలంలో అమ్మ పాడిన పాట ఎక్కువ దూరం పోలేదు. మేనత్త అంతకు మించి పాడి కాయను దక్కించుకుంది. అంతటితో ఊరుకోక మందిరం అరుగు మీదే కాయను రెండు చెక్కలు చేసి, గింజలన్నీ అరిటాకులోకి తీసి, వచ్చిన ఆడవాళ్ళందరికీ పంచడం మొదలుపెట్టింది.

"ఒసే, ఏటే ఆ పని? మన ఇంటి విత్తనమే అది!" అని నాయనమ్మ కేకేసింది.

"నువ్వు దేవుడికిచ్చీసినావు కదమ్మా. దేవుడు నాకిచ్చినాడు. ఇంక నీదేటుంది?" అంటూ మేనత్త మొదటి పిడికెడు అమ్మ చేతిలోనే పెట్టింది. "ఇదిగో వదినా, మా అమ్మకి కనపడనీకు!"

పాస్టరుగారితో సహా అందరూ విరగబడి నవ్వారు. నాయనమ్మ కాసేపు మూతి ముడుచుకుని కూర్చుని, ఆనక తానే లేచి వచ్చి, గింజలకు బూడిద ఎంత పట్టించాలో ఒక్కొక్కరికీ గద్దిస్తూ చెప్పింది.

మరుసటి ఏడు కోత పండుగకు మందిరంలో బల్ల నిండా మా దోసకాయలే! ఎవరి కాయ పెద్దదన్న వాదనలోనే సగం పొద్దు గడిచింది. దేవుడిచ్చింది పంచితే పెరుగుతుందని ఎన్ని ప్రసంగాలు విన్నానో గాని, నాకు ఆ మాట నమ్మకంగా మారింది ఆ బల్ల ముందే.

ఆ తర్వాత మా పాదులు పోయిన ఏళ్ళలో కూడా అమ్మ దిగులుపడలేదు. ఏ దొడ్డి గుమ్మంలో నిలబడి చెయ్యి చాచినా మా విత్తనం దొరికేది. అందరి దగ్గరా ఉందిలే అన్న ఆ ధీమాతోనేమో, ఊరు విడిచి విజయనగరం వచ్చేటప్పుడు నేను ఒక్క గింజ కూడా మూట కట్టుకోలేదు. నాలాగే తక్కినవాళ్ళూ అనుకుని, ఏ దొడ్డిలోనూ ఆ విత్తనం మిగల్చలేదని, ఊళ్ళో అడగబోయిన రోజున తెలిసింది.