తోక ఉన్న రొట్టె

దయ్యాలు, గాలి సోకుడు, మీదికి వచ్చుడు, గిసొంటి ముచ్చట్లు ఎవరన్న చెప్తే నేను పొయ్యి కాడ కూసుండే నవ్వేదాన్ని. మా ఆయన తాండూరు బండల గనిల పని చేసేటోడు. పగటి బువ్వ గిన్నె నెత్తిన పెట్టుకొని ఆ గనుల పొంటి ఒక్కదాన్నే పోయేదాన్ని. ఏ దయ్యమూ నన్ను పలకరియ్యలే. ఇప్పుడు గూడ దయ్యాన్ని చూసిన అని చెప్త లేను. నా చేతులకు ఒక దినం అయిన ముచ్చట చెప్తున్న. నా చేతి రొట్టె తిన్నోళ్లు సాక్ష్యం.

పోలీసు చర్య అయి నాలుగైదేండ్లు అయినట్టున్నది. మా తమ్ముడు సాయిలుకు దగ్గు పట్టింది. దగ్గుల నెత్తురు పడ్డది. క్షయ అన్నరు. వికారాబాద్ గుట్ట మీది దవాఖానల మంచం దొరికింది. మా అమ్మ అప్పటికే లేకపాయె. ఇగ నేనే మా ఆయనను తాండూర్ల విడిచిపెట్టి, గుట్ట కింద ఒక అర్ర కిరాయికి తీసుకున్న. పొద్దున వండుడు, గుట్టెక్కుడు, వానికి తినిపిచ్చి దిగుడు.

ఆ అర్రల పొయ్యికి ఉన్న మూడు రాళ్లల్ల ఒకటి పగిలి ఉండె. దాని జాగల రైలు పట్టాల పక్కన దొరికిన ఇనుప ముక్క పెట్టిన. ఆ ముక్క సంగతి మల్ల వస్తది, జర యాది పెట్టుకోండ్రి.

సాయిలు పక్క మంచం మీద భేరూ అని మార్వాడ దిక్కు మనిషి ఉండె. రాయి కొట్టే పని కోసం అంత దూరంకెల్లి మా తాండూరు గనులకే వచ్చి, అదే రోగం తెచ్చుకున్నడు. సాయిలు ఈడువాడే. భేరూ ఏమీ తింట లేడు. దవాఖానోళ్లు పాలు ఇచ్చిరి, డబల్ రొట్టె ఇచ్చిరి, మెత్తగ అన్నం వండి పెట్టిరి. నోట్ల పెట్టుకుంటడు, కండ్లు మూసుకుంటడు, గిన్నె పక్కకు జరుపుతడు. గోడ దిక్కు మల్లి పండుకుంటడు. సూదులు సగం పనే చేస్తయి, మిగిలిన సగం బువ్వ చెయ్యాలె అని డాక్టరు మొత్తుకున్నడు. ఇంటికి కబురు పంపుదమంటే భేరూ చేతులు జోడించిండట. ఇంటి కాడ తల్లి ఒక్కతే ఉన్నదట, ఈ ముచ్చట ఇంటే తట్టుకోదట.

ఒక దినం నేను గిన్నె ఇప్పుతుంటే మా సాయిలు నా చెయ్యి పట్టుకున్నడు.

"అక్కా, గాయన పోతే గా ఖాళీ మంచం పక్కన నేనెట్ల పండుకుంట? గాయన ఎనకనే నేను గూడ."

ఆ దినంకెల్లి నాకు ఒక్కటే ఫికర్. భేరూ ఒక్క బుక్క తినాలె. ఆయన తింటే మా సాయిలు బతుకుతడు.

జొన్న గట్క కాసి ఇచ్చిన. అంబలి ఇచ్చిన. మా తాండూరు కందిపప్పు మెత్తగ ఉడకవెట్టి, ఎల్లిపాయ పోపు పెట్టి ఇచ్చిన. ఆ వాసనకు వార్డంత లేచి కూసున్నది గని ఆయన మెసలలే. వాళ్ల దిక్కు గోధుమలు తింటరని యాదికొచ్చి, బజార్ల ఇంత గోధుమ పిండి కొన్న.

ఇప్పుడు నవ్వకుండ్రి. గోధుమ పిండి నేను ఎన్నడు ముట్టినదాన్ని గాదు. పండుగకు భక్షాల పిండి మా అత్తనే కలిపేది. నాకు వచ్చింది జొన్న రొట్టె. జొన్న పిండికి మసిలే నీళ్లు పొయ్యాలె, లేకుంటే రొట్టె ఇరుగుతది. చెయ్యి అలవాటు కొద్ది గోధుమ పిండిల గూడ మసిలే నీళ్లు పోసిన. అది బంకలెక్క చేతులకు అంటుకున్నది. చరుద్దమంటే సాగదు, ఎత్తుదమంటే ఊడదు. సిగ్గనిపిచ్చింది. తలుపు దగ్గరికి ఏసిన, ఎవరన్న చూస్తరని.

పగటి పూట. ఎండ గడప దాక వచ్చి ఉన్నది. నేను పిండి ముందల కూసోని, ఇగ పారేద్దమనుకున్న. అప్పుడు నా చేతులు మొదలువెట్టినయి.

గంతకన్న మంచిగ చెప్పరాదు నాకు. ఎవరో పెద్దామె ఎనకకెల్లి వచ్చి, "జర జరుగు బిడ్డా" అని నన్ను పక్కకు జరిపినట్టు అనిపిచ్చింది. భయం కాలే. నా చేతులు పొడి పిండి తీసుకొని ఆ బంకను మల్ల పిసికినయి. మందంగ, అరచెయ్యి అంత దళసరి రొట్టె చేసి పెనం మీద ఏసినయి. మంట తగ్గిచ్చినయి. కింద జర కాలంగనే తిప్పేసి, ఉడుకుడుకు రొట్టె మీద బొటనవేలు, చూపుడు వేలుతోటి గిచ్చుడు మొదలువెట్టినయి. నడుమకెల్లి సుట్టు తిరుక్కుంట, గిచ్చిన కాడల్ల చిన్న గుంట. రొట్టెంత గుంటలే. ఆఖరికి అంచు కాడ పిండిని గుంజి చిన్న తోక చేసినయి. ఎలక పిల్ల తోకంత.

నేను ఒకరి పని చూస్తున్నట్టు చూసుకుంట కూసున్న. గుంటలల్ల నెయ్యి పోసిన. అయిపోయినంక నా వేళ్లు చూసుకున్న. పెనం మీది రొట్టెను అన్ని సార్లు గిచ్చితే పొక్కులు రావాలె. ఎర్రగ గూడ గాలే.

గుట్టెక్కి భేరూ మంచం కాడ గుడ్డ ఇప్పిన. నెయ్యి వాసనకు తల తిప్పిండు. రొట్టెను చూసిండు. లేచి కూసున్నడు. ఎన్ని దినాలకో తనంతట తనే లేచి కూసున్నడు! ముందల తోక ఇరిచిండు. దాన్ని నోట్ల పెట్టుకొని చిన్నపిల్లగాని లెక్క ఏడ్చిండు. ఏడ్చుకుంటనే రొట్టెంత తిన్నడు. గిన్నెకు అంటిన నెయ్యి గూడ నాకిండు.

వార్డంత మంచాల మీద లేచి చూస్తున్నది. నర్సమ్మ గుమ్మంల నిలబడి కండ్లు తుడుచుకుంటున్నది. మా సాయిలు మాత్రం మూతి ముడిచిండు.

"నాకేమో జొన్న రొట్టె, గాయనకు నెయ్యి రొట్టెనా? నువ్వు ఎవరి అక్కవే?"

అంత సంబురం నేను నా పెండ్లి నాడు గూడ పడలే.

భేరూకు మాట వచ్చినంక నన్ను అడిగిండు, వచ్చీరాని ఉర్దూల. "జీజీ, మా ఊరికి ఎప్పుడు పోయినవ్?" జీజీ అంటే వాళ్ల దిక్కు అక్క. గుంటల రొట్టె వాళ్ల తాన అందరు చేస్తరట. తోక మాత్రం వాళ్లమ్మ ఒక్కతే పెడతదట, చిన్నప్పుడు కొడుకు పట్టుకొని ఉరకనీకె. నేను వికారాబాద్ దాటి ఎన్నడు పోలే బిడ్డా అన్న. ఆయన నమ్మలే.

ఇగ ఆయన తినుడు ఆగలే. మా సాయిలు గూడ పోటీ పడి తిన్నడు. వానల ముందు ఎక్కిన గుట్టను ఇద్దరు ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకొని, నవ్వుకుంట నడిచి దిగిండ్రు. భేరూ వాళ్ల ఊరికి బండెక్కిండు.

చానేండ్లకు, సాయిలుకు పెండ్లయి పిల్లలు పుట్టినంక, పుష్కర్ యాత్ర పోదమని నేను, మా ఆయన, సాయిలు బయలెల్లినం. దారిల భేరూ ఊరు. ఆ పయనంల నేను దేవుండ్లకన్న పొయ్యిలనే ఎక్కువ చూసిన. వాడి అనే ఊరి స్టేషన్ల కన్నడం మాట్లాడే ఆడోళ్లు జొన్న రొట్టెల మీద పల్లి కారం ఏసి అమ్ముతుండ్రి, మన రొట్టెనే గని కాయితమంత పల్చగ. షోలాపూర్ల అదే రొట్టె మందమై, పచ్చిమిరపకాయ నూరిన కారంతోటి వచ్చింది. గుజరాత్ల పప్పుల బెల్లం ఏసిండ్రు. మా ఆయన ఒక బుక్క పెట్టుకొని, "గిది పప్పా, పాయసమా?" అని బిత్తర చూపులు చూసిండు. నేను ఇంకొక గిన్నె అడిగి తిన్న. మార్వాడకు వచ్చేసరికి సజ్జ రొట్టె, మజ్జిగ, ఇసుకల పెరిగే చెట్టు కాయలు ఎండవెట్టి చేసిన కూర. ఎక్కడికి పోయినా రొట్టె చరిచే సప్పుడు ఇని ఆ ఇంట్లకు తొంగి చూసేదాన్ని. ఒక్క ఆడిది గూడ నన్ను ఎల్లగొట్టలే.

భేరూ తల్లి పొట్టి ముసలామె, ముఖం నిండ ముసుగు. భేరూ నన్ను చూపియ్యంగనే ముసుగు ఎత్తి, నా రెండు చేతులు పట్టుకొని తిప్పి తిప్పి చూసింది. వాళ్ల భాషల ఏదో కసిరింది. భేరూ ముఖం తెల్లగైంది.

"ఏమన్నది?" అన్న.

"గోధుమ పిండిల మసిలే నీళ్లు పోస్తరానే పిచ్చిదానా, రొట్టె గిచ్చుతుంటే బంక అంటుకొని నా వేళ్లు కాలినయి, అంటున్నది జీజీ."

ముసలామె తన బొటనవేలు, చూపుడు వేలు నా ముందల పెట్టింది. కొసలకు కాలిన పాత మచ్చలు, నున్నగ.

కొడుకు ఇంకా మా దిక్కే ఉన్నప్పుడు, ఒక పగటి పూట మేక పక్కన కూసోని కునుకు తీసిందట. కలల ఎవరిదో పొయ్యి. మూడు రాళ్లల్ల ఒకటి ఇనుపదట. పొయ్యి ముందల నల్లటి ఆడిది బంక పిండి చూసుకుంట ఏడుపు ముఖం పెట్టిందట. ఎవరికి చేస్తున్నదో ఎరుక లేదట, కొడుకు ఆకలిగొన్నడని మాత్రం ఎరుకట. మెలకువ వచ్చి చూసుకుంటే వేళ్లకు పొక్కులు.

మసిలే నీళ్ల సంగతి సిగ్గుకు నేను ఎవరికి చెప్పలే. మా ఆయనకు గూడ చెప్పలే. ఆయన నా ఎనకకెల్లి మెల్లగ, "గోధుమ పిండిల ఉడుకు నీళ్లు పోసినవా?" అన్నడు. భేరూ నా అర్రకు ఎన్నడు రాలే, నా పొయ్యి ఆయన చూడలే.

తెల్లారి ఆ ఇంట్ల నేను జొన్న రొట్టెలు చేసిన. పీట లేకుండ, వట్టి చేతులతోటి చరిచి, ఇంత వెడల్పు. ఆ వాడకట్టు ఆడోళ్లంత వచ్చి దడి మీదకెల్లి చూసిండ్రు, ఒక్కో రొట్టె పొంగినప్పుడల్ల సంబురంతోటి గొల్లుమన్నరు. నేను పిండిల మసిలే నీళ్లు పోస్తుంటే మాత్రం ముసలామె రెండు చేతులు ఎనకకు దాసుకున్నది. అందరు నవ్విండ్రు. ఆమె నవ్వలే. నేను గూడ నవ్వలే.

ఆమె వేళ్లు అక్కడ ఎట్ల కాలినయో, నా వేళ్లు ఇక్కడ ఎట్ల కాలలేదో నాకు అర్థం కాలే. చదువుకున్నోళ్లను అడిగిన, వాళ్లకూ అర్థం కాలే. ఆ తోక రొట్టె మా ఇంట్ల ఇప్పుడు పిల్లలందరికి ఇష్టం, సాయిలు మనుమలు గూడ తోక కోసమే కొట్లాడుకుంటరు. గోధుమ పిండి కలిపినప్పుడల్ల చల్లని నీళ్లే పోస్త. ఎవరి వేళ్లు కాలుతయో ఏమెరుక.