కొసరుగా అడిగిన గాజుపలక

మా ఆవిడకు ఆయాసం పట్టుకున్న కొత్తలో నాకు కాపురం సుఖంగానే గడిచింది. తిట్టడం మొదలుపెట్టి సగంలో గాలి కోసం ఆగేది. ఆ సందులో నా సంజాయిషీ దూర్చేసి బేరం ముగించేవాణ్ణి. కానీ వానలు పట్టాక, గుమ్మం దాటి నాలుగడుగులు వెయ్యలేక, పీల్చే మందు చేత్తో పట్టుకుని గోడకు చేరగిలబడిపోయేది. తిట్టడమే మానేసింది. అప్పుడు భయం వేసింది.

దోషి ఎవరో నాకు ముందే తెలుసు. అమలాపురంలో మా ఇంటి ముందుగదిలోనే నడిపే కిరాణా కొట్టుకు ఎదురుగా ఎరువుల కొట్టాయన రెండు కోనోకార్పస్ చెట్లు పెంచాడు. వాటి పుప్పొడి మంచిది కాదని ఊరంతా అంటోంది. అవి మా కొట్టు బోర్డును మూసేశాయన్న సంగతి మాత్రం నేనెవరికీ చెప్పలేదు.

"బావగారూ, ఆ చెట్లు కొట్టించెయ్యండి. మా ఆవిడ ప్రాణం తీసేస్తన్నాయండి."

"రుజువు చూపించండి బావగారూ, రేపే కొట్టించేస్తాను. చూపించలేకపోతే మీ గుమ్మం ముందు కూడా రెండు పాతుతాను, ఆయ్."

రుజువు కోసం, మా దగ్గర సరుకులు తీసుకునే కాలేజీ బోటనీ మేడమ్‌గారిని పట్టుకున్నాను. ఆవిడ జిగురు పూసిన మూడు గాజుపలకలు తెచ్చారు. గాలిలో తేలే పుప్పొడీ, బూజు విత్తనాలూ వాటికి అంటుకుంటాయట. ఏ పలక మీద ఎక్కువుంటే వాటి పుట్టిల్లు ఆ చుట్టుపక్కలేనట.

"మూడూ వీధివైపే పెట్టేద్దామండి," అన్నాను.

"మీ అనుమానం వీధిలో ఉందని గాలి కూడా అక్కడే ఉంటుందాండి? వీధిలో ఒకటి, వంటింట్లో ఒకటి, పడగ్గదిలో ఒకటి."

"సరేనండి. మూడు తీసుకుంటన్నాం కదా, కొసరుగా ఇంకోటి ఇప్పించండి."

ఆవిడ నవ్వి నాలుగోది తీశారు. ఎందుకో ఆలోచించుకుని కొసరు అడిగేవాడు మా వంశంలో పుట్టలేదు. చోటు తోచక దాన్ని పడగ్గది పైనున్న అటక అంచున పెట్టాను. ధర పెరుగుతుందని నిరుటి నుంచి ఎండబెట్టి దాచిన కురిడీ కొబ్బరికాయలు అక్కడే ఉన్నాయి. పెంకు కారి తడిసినా దించలేదు. అమ్మెయ్యమని మా ఆవిడ, ఊపిరి ఉన్నంతసేపూ చెబుతూనే వచ్చింది.

వారం తిరిగాక మేడమ్‌గారు కొట్టుకే వచ్చారు. తీర్పు వినడానికి ఎరువులాయన కూడా రోడ్డు దాటి వచ్చాడు.

"వీధి పలక మీద కోనోకార్పస్ పుప్పొడి ఉందండి, కానీ చిటికెడే. వంటింటి పలక మీదా పెద్దగా ఏం లేదు. పడగ్గదిలో బూజు విత్తనాలు దండిగా ఉన్నాయి. ఎక్కణ్ణుంచి వస్తన్నాయో తెలిసేది కాదు గానీ, మీ కొసరు పట్టించేసింది. అటక మీది పలకలో గాజే కనబడలేదండి."

"కొంచెం తగ్గించి చెప్పండి మేడమ్‌గారూ," అన్నాను, అలవాటు కొద్దీ.

"గోతులు ఎక్కడ తియ్యమంటారు బావగారూ?" అన్నాడు ఎరువులాయన.

దించేటప్పుడు బూజు రేగుతుందని మేడమ్‌గారు చెబితే మా ఆవిణ్ణి రాజోలులో వాళ్ల అక్కగారింటికి పంపాను. కాయలకు ధర అప్పుడే పడిపోయింది. బూజు పట్టినవి పారబోయించి, మిగతావి అడిగిన ధరకే ఇచ్చేశాను. నా జీవితంలో బేరమాడకుండా అమ్మిన సరుకు అదొక్కటే. పెంకు నేయించి, అటకకు సున్నం కొట్టించాను.

నెల తిరిగాక మా ఆవిడ వచ్చి, ఖాళీ అటక కేసి చూసి అందుకుంది.

"అమ్మెయ్యండి అమ్మెయ్యండని నెత్తీనోరూ కొట్టుకుంటే ధర పెరుగుద్దన్నారు, పెంకు కారతందంటే కారనిమ్మన్నారు, ఎదుటాయన చెట్ల మీద పడ్డారు, కుళ్లబెట్టుకుని ఇప్పుడు సున్నం కొట్టించి నాకేదో ఉద్ధరించినట్టు నిలబడ్డారు..."

సంజాయిషీ సిద్ధంగా పెట్టుకుని సందు కోసం చూశాను. ఎంతసేపటికీ ఇవ్వలేదు.