మామయ్యగారి కమ్మీ

మా అమ్మాయి ఆరో తరగతిలో ఉండగా లెక్కల మాస్టారు హోంవర్కు ఇచ్చారు: ఇంట్లో దేన్నైనా లెక్కపెట్టి కమ్మీ చిత్రం, అదే బార్ గ్రాఫు, గీసుకురమ్మని. ఏం లెక్కపెట్టాలో తోచక అది వంటింట్లోకి వచ్చింది. నేను టీ పెడుతున్నాను, ఆ రోజుకి నాలుగోసారి. దానికి దారి దొరికింది.

ఆదివారం పొద్దున్నించీ కాగితం, పెన్సిలు పట్టుకుని, ఎవరు కప్పు ఎత్తితే వాళ్ల పేరు ఎదురుగా గీత పెట్టింది. మామయ్యగారు తోటలో కొబ్బరికాయల దింపు చూడ్డానికి బయల్దేరితే స్కూటర్ వెనక తనూ ఎక్కింది. మనవరాలికి తోటంటే ఎంత ఇష్టమోనని ఆయన మురిసిపోయారు.

సాయంత్రం అరుగు మీద చార్టు పరిచి గడికి ఒక కప్పు లెక్కన కమ్మీలు నిలబెట్టింది. అత్తయ్యగారివి రెండు, మా ఆయనవి మూడు, నావి ఐదు. రుచి చూసినవి కూడా వేసేసిందని అప్పుడు తెలిసింది. మామయ్యగారి కమ్మీ తొమ్మిది గళ్లు పైకి పోయింది.

ఆయనకి షుగరు. డాక్టరు రోజుకు రెండు కప్పులే అన్నారు. అత్తయ్యగారు ఆయన రెండే తాగుతున్నారని నమ్ముతున్నారు.

"తొమ్మిదెక్కడివమ్మా?" అన్నారు ఆయన కంగారుగా.

"ఇంట్లో రెండు, పక్కింట్లో రెండు, తోటలో ఫ్లాస్కులోవి మూడు, కాలవగట్టు కొట్లో రెండు తాగేరండి తాతగారూ."

ఆయన గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించారు. "గడికి మూడు కప్పులు పెట్టమ్మా. పొట్టిగా వస్తుంది."

"అందరివీ పొట్టిగానే వస్తాయండి. అప్పుడూ మీదే పొడుగు."

"పోనీ లేత పసుపు వెయ్యి. అంతగా కనబడదు."

అది కాస్త ఆలోచించి ఎర్ర స్కెచ్ పెన్ను తీసింది.

అంతలో అత్తయ్యగారు కళ్లజోడు తుడుచుకుంటూ వచ్చారు. చార్టు ఆవిడకి అర్థం కాదనుకున్నాం. వంగి చూసి, "ఈ తాటిచెట్టంతది ఎవరిదే?" అన్నారు. మళ్లీ ఆవిడే మామయ్యగారి వైపు తిరిగి, "మీదేనాండీ?" అన్నారు.

"ఆయ్," అన్నారు మామయ్యగారు నేల చూస్తూ.

మర్నాటికల్లా పక్కింటికీ, తోటకీ, కొట్టుకీ ఆయనకి టీ ఇవ్వొద్దని కబురు వెళ్లిపోయింది.

మాస్టారు ఆ చార్టుని తరగతి గోడకి అంటించారు. తర్వాత పెట్టిన తల్లిదండ్రుల మీటింగుకి మా ఆయనకి కుదరక, మామయ్యగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని నాతో వచ్చారు. మాస్టారు నమస్కారం పెట్టి, మర్యాదకి, "టీ తీసుకుంటారాండీ?" అన్నారు. పిల్లలంతా ఘొల్లున నవ్వారు.

"వద్దండి. ఇవాళ్టికి రెండూ అయిపోయేయండి," అని మామయ్యగారు బెంచీ చివర కూర్చున్నారు.

నిజంగానే ఆ రోజు రెండే తాగారు. అందరూ నవ్వారు గానీ నాకు మాత్రం జాలేసింది.