వంగని చిటికెనవేలు

న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో చలికాలం వచ్చిందంటే నా క్లినిక్ నిండా చేతులే. బిగుసుకుపోయినవి, వాచినవి, గ్లాసు కూడా ఎత్తలేనివి. చేతులకు ఫిజియోథెరపీ చేయడం నా ఉద్యోగం. వాటిని వంచి, సాగదీసి ఇంటికెళ్ళేసరికి నాకు అన్నం కలుపుకునే ఓపిక కూడా ఉండేది కాదు.

అలాంటి రోజుల్లో ఒక అమెరికన్ తన ఎడమచేతి చిటికెనవేలు చూపించడానికి వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి. ఆ వేలికి గాజు గొట్టం తొడుక్కుని, గిటారు తీగల మీద జారుస్తూ వాళ్ళ పల్లెల పాత పాటలు వాయిస్తాడు. కూటి కోసం కోటి విద్యలంటారు గానీ, ఈయన ఈ ఒక్క విద్యతోనే దేశాలు తిరిగి, ఇక్కడ ఆగిపోయాడు. ఇప్పుడు ఆ వేలి నడిమి కీలు అరిగిపోయింది. గొట్టం తొడిగితే ప్రాణం పోతోందట.

ఆపరేషన్ చేసి కీలును కదలకుండా బిగించేస్తే నొప్పి పోతుంది. మామూలుగా కాస్త వంచి బిగిస్తారు, కప్పు పట్టుకోవడానికి వీలుగా. ఈయనేమో నిటారుగా ఉంచమంటాడు. వంగిన వేలికి గొట్టం ఎక్కదు.

"పక్కవేలికి తొడుక్కోండి," అన్నాను.

"మిగతా వేళ్ళకు వేరే పనులున్నాయి."

"రోజంతా ఆ వేలితోనే బతకాలి మీరు. ప్రతిదానికీ అడ్డం వస్తుంది."

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. ఇంట్లో చెప్పుకుని విసుక్కుంటే మా ఆయన, "నీకెందుకే? వేలు ఆయనది, ఇష్టం ఆయనది," అన్నాడు.

ఆపరేషన్ అయింది, వేలు నిటారుగానే అతికింది. కొన్నాళ్ళకు ఒక పబ్‌లో వాయిస్తున్నానని పిలిచాడు. మొహమాటానికి వెళ్ళాను. ఉన్నదే కొద్దిమంది, అందులో సగం మంది టీవీలో రగ్బీ చూస్తున్నారు. గొట్టం జారినప్పుడల్లా తీగ మనిషిలా మూలిగింది. మొదటి పాట అయ్యేదాకా వేలినే చూశాను. తర్వాత చూడడం మర్చిపోయాను. చాలా రోజుల తర్వాత నా భుజాలు వదులయ్యాయి.

బయటికొచ్చాక, కుడిచేతిలో గిటారుతో, ఎడమ జేబులోని కారు తాళం తీసుకోబోయాడు. చిటికెనవేలు జేబు అంచుకు తట్టుకుని చెయ్యి లోపలికి పోలేదు. తాళం నేనే తీసిచ్చాను. 'నేను చెప్పలేదా' అనే మాట నోటిదాకా వచ్చింది.

ఆయనే నవ్వాడు. "నువ్వన్నది నిజమే. రోజంతా అడ్డమే. వాయించే ఆ గంట మాత్రం కాదు."

నా కారులో కూర్చుని చాలాసేపు స్టార్ట్ చేయలేదు. నా రోజులో అలాంటి గంట ఏదా అని వెతుక్కున్నాను. ఒక్కటీ దొరకలేదు.