ఫసీయుద్దీన్ ట్రంపెట్ శ్రుతి

ఏసీలు బాగుచేసే ఫసీయుద్దీన్ ట్రంపెట్ ఊదేముందు చెప్పులు విడుస్తాడు, పెదాలు తడుపుకుంటాడు. తొంభై ఎనిమిదిలో, దోహాలోని ఉమ్ ఘువైలినా పేటలో, ప్రతి శుక్రవారం పక్క ఫ్లాటు రామకృష్ణారావు గారి కంప్యూటర్ ముందు చేరేవాడు. శ్రుతి చూపే ప్రోగ్రాంలో ముల్లు నడుమ నిలిస్తేనే హోటల్ బ్యాండులో చోటు. అదేమో ఎప్పుడూ కుడికే వాలేది.

"శ్రుతి కాస్త ఎక్కువైంది ఫసీ. ఆ గొట్టం కొంచెం బయటికి లాగు, దిగుతుంది."

"మా అబ్బా పెట్టిన గొట్టం సార్, కదపను."

ఓ రోజు, హైదరాబాదు పెళ్లి బ్యాండులో తండ్రి ఊదిన క్యాసెట్ తెచ్చి వినిపించాడు. ముల్లు కుడికే వాలింది. ఫసీ మొహం చిన్నబోయింది.

"అబ్బాది గూడ తప్పేనా సార్?"

"తప్పేంటయ్యా! బరాత్‌లో అన్ని డప్పుల మధ్య వినపడాలంటే శ్రుతి కాస్త ఎక్కించొద్దూ?"

ఫసీ గొట్టం రవ్వంత లాగి ఊదాడు. ముల్లు నడుమ నిలిచింది.

"హోటల్‌కు గిది సార్," అంటూ గొట్టాన్ని మళ్లీ లోపలికి నెట్టాడు. "ఇంటికాడ అబ్బాదే."