కొంగు ముడిలో మువ్వలు

మా అమ్మాయి సువార్తకి అక్టోబరు నెలలో శని, ఆది, సోమ వరసగా మూడు రోజులు సెలవు దొరికింది. పారమట్టాలో ఆసుపత్రి నర్సుకి అలా దొరకడం ఏడాదికి ఒకసారో రెండుసార్లో. అల్లుడుగారికి మాత్రం ఆ మూడు రోజులూ డ్యూటీ పడింది. "మనం ముగ్గురం ఆడవాళ్ళమే వెళ్దాం అమ్మా, నీకు ఇక్కడి కొల్లేరు చూపిస్తాను" అంది సువార్త. ముగ్గురంటే నేను, తను, ఏడాదిన్నర నిండని నా మనవరాలు రూతు. ఇది ఎనభై తొమ్మిది నాటి మాట. ఆస్ట్రేలియా వచ్చి అప్పటికి నాకు రెండు నెలలైంది. కొల్లేటి గట్టున పుట్టినదాన్ని, సరస్సు అనగానే సంచీ సర్దేశాను.

శనివారం ఉదయం ప్రార్థన చేసుకుని ఆరున్నరకి ఇల్లు కదిలాం. గుమ్మంలోనే నాకు మొదటి దెబ్బ తగిలింది. సువార్త సంచీలోంచి ఒక తోలు పటకా తీసి పిల్ల చంకల కింద నుంచి తగిలించింది. దానికి వెనక బారెడు పగ్గం. ఆ పగ్గం కొస తన చేతికి చుట్టుకుంది. కింది ఇంట్లో ఉండే దొరసాని ఇచ్చిందట.

"ఇది పిల్లా, కుక్కపిల్లా?" అన్నాను.

"సేఫ్టీ కోసం అమ్మా. ఇక్కడ అందరూ వేస్తారు. నీళ్ళ దగ్గరికి వెళ్తున్నాం కదా."

"మా ఊళ్ళో పెంచుకునే కుక్కనే కట్టెయ్యం."

"నన్ను మంచంకోడుకి పాత చీరతో కట్టేసి నాట్లకి వెళ్ళేదానివని నువ్వే చెప్పావుగా?"

"అది పని. ఇది షికారు" అన్నాను. తను నవ్వింది గాని పగ్గం విప్పలేదు.

పిల్ల ఎక్కడుందో తెలుసుకోడానికి మాకు పగ్గం అక్కర్లేదు. నేను వచ్చేటప్పుడు ఆకివీడు కంసాలి చేత దగ్గరుండి చేయించి తెచ్చిన వెండి పట్టీలున్నాయి, ఒక్కో కాలికి పదకొండు మువ్వలు. మా ఇళ్ళలో ఆడమనిషి పొయ్యి దగ్గర కూర్చుని వీధివైపు వీపు పెట్టినా చెవితోనే పిల్లని కాస్తుంది. మువ్వ మోగితే పిల్ల ఉంది. ఆగితే లేచి చూడాలి. నలుగురు బిడ్డల్ని అలాగే పెంచాను.

ఏడుంపావుకి పారమట్టాలో రైలెక్కి, స్ట్రాత్‌ఫీల్డ్‌లో దిగి, ఎనిమిదింటికి న్యూకాసిల్ వైపు వెళ్ళే రైలెక్కాం. అది రెండంతస్తుల రైలు. రైలుకి మేడ ఉంటుందని ఎవరైనా చెబితే నేను నమ్మేదాన్ని కాదు. మేడ మీద కూర్చున్నాం. అంతమంది ఉన్నారు, ఒక్కరి గొంతూ లేదు. ఏలూరు నుంచి బెజవాడ వెళ్ళేలోపు పక్కవాళ్ళ పిల్లల పెళ్ళిళ్ళు, రోగాలు, కోర్టు తగాదాలు అన్నీ తెలుస్తాయి. ఇక్కడ పక్కవాళ్ళ పేరైనా తెలీదు.

సువార్త రైల్లో పగ్గం విప్పింది. రూతు సీట్ల మధ్య సందులో ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు నడుస్తోంది. గల్లు గల్లుమని మువ్వలు. నాకైతే ఎంతో నిండుగా ఉంది. మా ఎదుటి వరసలో కూర్చున్న ఒకతను మూడుసార్లు కళ్ళు మూశాడు, మూడుసార్లు తెరిచాడు. చివరికి లేచి వచ్చి, సారీ సారీ అంటూ సువార్తతో ఏదో మెల్లగా చెప్పాడు. మా అమ్మాయి మొహం ఎర్రబడింది.

"రాత్రి డ్యూటీ దిగి ఇంటికి వెళ్తున్నాడట. ఆ చప్పుడుకి నిద్ర పట్టడం లేదట."

పల్లీలవాడు, టీవాడు, గుడ్డివాళ్ళ పాట, చంటిపిల్లల ఏడుపు, ఇన్నిటి మధ్య గుర్రుపెట్టే జనాన్ని చూసినదాన్ని. చంటిపిల్ల కాలి మువ్వకి నిద్ర చెడుతుందా మనిషికి? కాని అతని కళ్ళు చూస్తే నిజంగానే చింతనిప్పుల్లా ఉన్నాయి. జాలేసింది. నా చేతులతో నేనే పట్టీలు తీసి నా కొంగు చివర ముడివేసుకున్నాను. అతను రెండుసార్లు థాంక్యూ చెప్పి పడుకున్నాడు.

మీరెవరైనా ఆ దారిన వెళ్తే కుడివైపు కిటికీ దగ్గర కూర్చోండి. గంట దాటాక కొండలు ఒక్కసారిగా విడిపోయి హాక్స్‌బరీ నది వస్తుంది. వంతెన దాటుతుంటే నీళ్ళలో వరసగా పాతిన కర్రలు కనిపించాయి. ఆల్చిప్పలు పెంచుతారట. వాటిని పచ్చివే నిమ్మకాయ పిండుకుని మింగుతారని సువార్త చెబితే, ఇంటినుంచి తెచ్చిన ఇడ్లీ నా చేతిలో ఆగిపోయింది. తర్వాత గాస్‌ఫర్డ్ దాకా నీళ్ళు పట్టాల పక్కనే వస్తాయి. ఆ రాత్రి డ్యూటీ అతను గాస్‌ఫర్డ్‌లో దిగుతూ నాకు చెయ్యి ఊపాడు. అప్పటికి రూతు నిద్రపోయింది. లేచాక పట్టీలు పెడదాంలే అనుకున్నాను.

పది దాటాక ఫాసిఫర్న్‌లో దిగి రెండు పెట్టెల చిన్న రైలెక్కాం. గార్డే వచ్చి పిల్ల తోపుడుబండి ఎత్తి లోపల పెట్టాడు. టొరంటో అనే ఊళ్ళో ఆ రైలు ఆగుతుంది. దిగీ దిగగానే మెక్వారీ సరస్సు. ఎదురుగా నీళ్ళు, నీళ్ళ అవతల కొండలు. నేను గట్టిగా ఊపిరి పీల్చాను. బురద వాసన లేదు, చేప వాసన లేదు. వాసన లేని సరస్సు ఏం సరస్సు అనుకున్నాను. కాని గూడబాతులున్నాయి, అచ్చం మా కొల్లేటి గూడబాతులే. ఇక్కడివి చేపలు కోసే బల్ల ముందు వరసగా నిలబడి, అక్కడ ఒక ముసలాయన పారేసే తలకాయల కోసం రేషన్ షాపు దగ్గర జనంలా ఎదురు చూస్తున్నాయి.

మేం దిగాల్సిన బస సరస్సు గట్టునే. అది ఇల్లు కాదు, చక్రాల బండి. లోపల రెండు పడకలు, చిన్న గ్యాస్ పొయ్యి. పన్నెండున్నర అయింది. తాళం కోసం సువార్త ఆఫీసుకి వెళ్తూ, "వరస పెద్దగా ఉంది. పగ్గం విప్పకు అమ్మా" అంది. అలాగే అన్నాను. తను మలుపు తిరగ్గానే విప్పేశాను. పిల్ల చంకల్లో ఎర్రగా చారలు పడ్డాయి మరి. మాట తప్పాలని కాదు, నాకు చూడబుద్ధి కాలేదు.

గడ్డి మీద దుప్పటి పరిచి పులిహోర డబ్బా, పెరుగు డబ్బా తీశాను. గాలి తిరిగింది. దుప్పటి ఎగరకుండా సంచులు పెట్టుకుని, గాలికి వీపు పెట్టి, పిల్లకి పెరుగన్నం మెత్తగా పిసుకుతున్నాను. వెనక గల్లు గల్లు వినిపిస్తూనే ఉంది. ఆడుకుంటోంది అనుకున్నాను. ఉప్పు చాలలేదని ఇంకాస్త వేశాను. గల్లు గల్లు. ఇంకాస్త పిసికాను.

చెయ్యి తుడుచుకుందామని కొంగు పట్టుకున్నాను. నా చేతిలో ముడి గల్లుమంది.

పట్టీలు నా దగ్గరే ఉన్నాయి. మరి వెనక మోగుతున్నదేమిటి?

తిరిగి చూస్తే పిల్ల లేదు. రేవులో కట్టిన తెరచాప పడవలు పాతిక ముప్ఫై ఉన్నాయి. గాలికి వాటి తాళ్ళు ఇనప స్తంభాలకి కొట్టుకుని మోగుతున్నాయి, వెండి మువ్వలు మోగినట్టే.

నాకు ఇంగ్లీషు రాదు. కాళ్ళు ముందు పరిగెత్తాయి, నోరు తర్వాత తెరుచుకుంది. "బేబీ, బేబీ" అని అరిచాను. ఆ ఒక్క మాటే నా భాషలోనూ, గట్టున ఉన్నవాళ్ళ భాషలోనూ ఉంది. ఒక్కరూ నా చుట్టూ మూగలేదు, ఏమైందని అడగలేదు. తలో దిక్కుకి పరిగెత్తారు. మంచి గౌను వేసుకున్న ఒకామె చెప్పులైనా విప్పకుండా నడుం లోతు నీళ్ళలోకి దిగిపోయింది. అందరికీ నీళ్ళమీదే అనుమానం.

చేపలు కోసే ముసలాయన ఒక్కడే కదలకుండా నిలబడి చుట్టూ చూశాడు. చేతిలో కత్తితో పొదల అవతలికి చూపించాడు.

అక్కడ గట్టుకి ముక్కు ఆనించి పెట్టిన చిన్న రేకు పడవ ఉండేదట. ఇప్పుడు గట్టు మీద లేదు. పిల్ల ఎక్కి వెనక చివరికి నడిచి ఉంటుంది, ముక్కు లేచింది, గాలి నెట్టింది. నాలుగు బారల దూరంలో, మేకుకి కట్టిన తాడు బిగిసి పడవని ఆపింది. అందులో నా మనవరాలు అంచు పట్టుకుని వంగి నీళ్ళని తడుతోంది.

నేను తాటిదోనెల్లో పెరిగినదాన్ని. ఇప్పుడు అరిస్తే అది లేచి నిలబడి రెండు చేతులూ చాస్తుంది. నిలబడితే పడవ ఒరుగుతుంది. గొంతులోకి వచ్చిన కేకని మింగి, గట్టు మీద చతికిలబడ్డాను. మెతుకులంటిన చెయ్యి చూపించి, ఇంట్లో పిలిచినట్టు పిలిచాను.

"బుజ్జీ, బువ్వ. కూర్చుంటే బువ్వ."

అది నన్ను చూసింది. నిలబడబోయింది.

"ఊహూ. కూర్చుంటేనే."

కూర్చుంది. ముసలాయన తాడుని చేతిమీద చెయ్యి వేసుకుంటూ మెల్లగా లాగాడు. పడవ ముక్కు ఇసుకని గీసుకున్న చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. పిల్లని ఎత్తి నా ఒళ్ళో పెట్టి, "నో వర్రీస్, లవ్" అని, బెంగపడకమ్మా అన్నట్టు చెప్పి, మళ్ళీ చేపల దగ్గరికి వెళ్ళిపోయాడు. తడి గౌను పిండుకుంటున్నామె నా భుజం తట్టింది. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, నన్ను తిట్టలేదు. మా ఊళ్ళో అయితే నాలుగు వీధులు తిట్టిపోసేవి, నాకూ కాస్త తేలికపడేది.

అయిదు నిమిషాలు కూడా కాలేదని తర్వాత సువార్త లెక్కగట్టింది. తాళం చేత్తో పట్టుకుని వచ్చేసరికి పిల్ల నా ఒళ్ళో పెరుగన్నం తింటోంది. దాచాలనుకుంటే దాచొచ్చు. నేను దాచలేదు. పగ్గం విప్పడం దగ్గర్నుంచి మొత్తం చెప్పాను. అది పిల్లని లాక్కుని కాళ్ళూ చేతులూ నర్సులాగా తడిమి చూసుకుంది.

"విప్పనన్నావు" అంది.

"అన్నాను."

అంతే. ఆ రోజూ మర్నాడూ పిల్లని నా చేతికి ఇవ్వలేదు. ఇవ్వకపోవడమే న్యాయం అనుకుని నేనూ అడగలేదు.

ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి ముసలాయన రెండు చేపలు తెచ్చిచ్చాడు. మా సంచీలో చింతపండూ కారమూ ఎప్పుడూ ఉంటాయి. ఆ చిన్న పొయ్యి మీదే పులుసు పెట్టి ఆయనకీ పెట్టాను. దగ్గుతూ, కళ్ళు తుడుచుకుంటూ, రెండోసారి వేయించుకున్నాడు. తింటూ తింటూ ఏదో చెప్పాడు. సువార్త చేతిలో గరిటె ఆగింది.

"ఏంటే?" అన్నాను.

"ఆ పడవ తాడు పాతబడి పీచు పీచుగా ఉండేదట. మొన్న బుధవారమే కొత్తది వేశాడట."

ఆయన మాత్రం వాతావరణం సంగతి చెప్పినట్టు చెప్పి ఇంకో ముక్క వేసుకున్నాడు.

సోమవారం పదకొండు గంటల చిన్న రైలుకి బయల్దేరాం. ఎక్కేముందు సంచీలోంచి ఆ తోలు పటకా నేనే తీసి, చంకల కింద మెత్తటి గుడ్డ చుట్టి పిల్లకి తగిలించాను. కొంగు ముడి విప్పి పట్టీలూ పెట్టాను. సువార్త పగ్గం కొస తెచ్చి నా చేతిలో పెట్టింది. రెండు రోజుల తర్వాత తను నాకు అప్పగించిన మొదటి వస్తువు అదే. మణికట్టుకి మూడు చుట్లు చుట్టుకున్నాను.

ఫాసిఫర్న్‌లో పెద్ద రైలెక్కి మళ్ళీ మేడ మీదే కూర్చున్నాం. ఎదురుగా ఒక పిల్ల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కునుకు తీస్తోంది. "అమ్మా, మువ్వలు తియ్యనా?" అని గుసగుసగా అడిగింది సువార్త.

"వద్దు. నిద్ర పట్టనివాళ్ళు మెలకువగా ఉంటారు" అన్నాను. ఈసారి నవ్వింది.

ఇంకొకరెవరైనా పసిపిల్లతో ఆ సరస్సుకి వెళ్ళాలనుకుంటే వెళ్ళండి, చక్కటి చోటు, మంచి మనుషులు. కాని గాలి తిరిగినప్పుడు మాత్రం ఆ రేవులో చెవిని నమ్మకండి, కంటితో చూడండి. నాకు తెలిసిన బుద్ధి ఇదొక్కటే. దీన్ని కూడా ఎవరో ముసలాయన కొత్త తాడు వేయబట్టి చెప్పగలుగుతున్నాను.

హాక్స్‌బరీ వంతెన వచ్చేసరికి రూతు నిద్రపోయింది. మువ్వలు ఆగిపోయాయి. పిల్ల నా ఒళ్ళోనే ఉంది, పగ్గం నా చేతికే ఉంది. అయినా కింద అంత నీళ్ళు చూసి ఉండబట్టలేక, దాని పాదాన్ని వేలితో కదిపాను.

గల్లుమంది. ఎదుటి పిల్ల కళ్ళు తెరిచి చూసి, మళ్ళీ మూసుకుంది.