అజ్నీవ్ అవ్వ ఆకు వైద్యం

అజ్నీవ్ అవ్వకి లోకంలో తెలిసిన మందు ఒక్కటే, గొర్రెచెవి ఆకు. వెండి పూత పూసినట్టు తెల్లగా, గొర్రెపిల్ల చెవంత మెత్తగా ఉండే ఆ మొక్కల్ని పట్నాల్లో అందం కోసం పెంచుకుంటారు. అవ్వ మాత్రం ఇంటి చుట్టూ పెంచి ఊరి మీదికి వదిలింది. మోకాలి నొప్పికి అదే, జలుబుకి అదే, గుడ్లు పెట్టని కోడికీ అదే. ఎక్కడ నొప్పో అడగదు. ఆకులు పెట్టి, గుడ్డ చుట్టి, ఎర్రదారంతో బిగించి, "మూడ్రోజులు విప్పకు" అంటుంది. ఆమె ఎదురైతే ఒంట్లో బాగున్నవాళ్లు పక్కసందులోకి తిరిగిపోయేవాళ్లు.

నాజెలి గ్యుమ్రి పట్నం నుంచి ఈ కొండమీది ఊరికి కోడలిగా వచ్చిన రోజే అవ్వ ప్రతాపం చూసింది. పెళ్లివిందులో పెళ్లికొడుకు మేనమామ సెద్రక్ గ్లాసు పట్టుకుని నాలుగు దీవెన మాటలు చెప్పాలి. పాపం లేచాడో లేదో, అవ్వ ఊడిపడింది.

"నీ దవడ వాచింది నాయనా!"

"లేదే..."

"వాచింది! మాట్లాడకు!"

గడ్డం కింది నుంచి నడినెత్తి దాకా కట్టు కట్టేసింది. దీవెనలు ఇంకెవరో చెప్పారు. సెద్రక్ ఆ కట్టుతోనే కూర్చుని మూడు పళ్లేల కాల్చిన మాంసం లాగించాడు. "పన్నునొప్పంటే ఇట్లా ఉండాలిరా" అని జనం పడీపడీ నవ్వారు. నాజెలి కూడా నవ్వింది.

చలికాలం ముందు ఆమె వంతు వచ్చింది. ఆ రోజుల్లో ఇంటింటా నెలలకి సరిపడా లవాష్ రొట్టెలు కాలుస్తారు. పలచగా సాగదీసిన పిండిని దిండులాంటి మెత్తమీద పరిచి, నేలలో పాతిన తోనిర్ పొయ్యిలోకి వంగి, లోపలి గోడకి ఒక్క చరుపు చరచాలి. కొత్తకోడలు మొదటి రొట్టె వేస్తుంటే వీధి ఆడవాళ్లంతా చూస్తారు. రొట్టె నిప్పుల్లో పడిందా, పేరు పడ్డట్టే. పక్కూళ్లో ఒకావిడని ముప్పై ఏళ్లుగా "బూడిదరొట్టె" అనే పిలుస్తున్నారు. పుట్టి బుద్ధెరిగి దుకాణం రొట్టె తప్ప ఎరగని నాజెలికి రాత్రంతా నిద్ర లేదు.

పైగా అత్తగారు హేగినే ఎదురుగా ఉంటుంది. తోనిర్ దగ్గర ఆవిడది అందె వేసిన చెయ్యి.

నాజెలి వంగింది. వేడి మొహాన కొట్టింది. కళ్లు మూసుకుని చరిచింది. రొట్టె ఒక్క క్షణం గోడని పట్టుకుని, జారి నిప్పుల్లో పడింది. పొగ లేచింది. హేగినే నోరు తెరిచింది.

"అయ్యో! పిల్లకి చెయ్యి కాలింది!" అవ్వ పిండి చేతులతోనే వచ్చిపడింది.

"కాలలేదవ్వా..." అని నాజెలి గొణిగింది.

"నోర్ముయ్! ఇంత బొబ్బ కనిపిస్తుంటే!"

ఆ బొబ్బ ఇంకొకరికి కనిపించేలోగా మోచేతి దాకా ఆకులు చుట్టేసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం లోకం తీరు. అవ్వ కాలకముందే పట్టుకుంది.

"మూడ్రోజులు నిప్పు ముట్టకూడదు. కట్టు మార్చడానికి రోజూ నా దగ్గరికి పంపు హేగినే."

హేగినే కట్టు వంకా అవ్వ వంకా చూసింది. "సరే, ఇంకొకరు వచ్చి కూర్చోండి" అని ఊరుకుంది.

మర్నాడు వెళ్లేసరికి అవ్వ తోనిర్ రాజేసి ఉంచింది. కట్టు విప్పి, మెత్త చేతిలో పెట్టింది.

"అవ్వా, నిజంగా నా చెయ్యి కాలలేదు."

"తెలుసులేవే. నా కళ్లకి కట్టుకున్నానా ఆకులు?"

"మరి సెద్రక్ మావయ్య పన్ను?"

"వాడు రాళ్లు నమలగలడు. నలుగురిలో లేస్తే నోరు పెగలదు, అంతే. వంగు. కళ్లు తెరువు. భయపడుతూ చరిస్తే పిండికి తెలిసిపోతుంది."

మొదటిరోజు ఎనిమిది రొట్టెలు నిప్పుల్లో పడ్డాయి, రెండోరోజు మూడు. మూడోరోజు ఒక్కటీ పడలేదు. నాజెలికి ఆ ముసలమ్మ మీద ప్రేమ పొంగుకొచ్చి గట్టిగా వాటేసుకుంది.

"ఏమే, జ్వరమా?" అని అవ్వ నుదుటిమీద ఒక ఆకు అంటించింది.

నాలుగోనాడు హేగినే ఇంట్లో రెండో విడత లవాష్. మళ్లీ అందరూ చేరారు. నాజెలి కళ్లు తెరుచుకుని వంగి చరిచింది. రొట్టె గోడని పట్టుకుంది, పొంగింది, కమ్మటి వాసన లేచింది. "ఏమాటకామాట, ఆ ఆకులో మహిమ ఉంది" అన్నారు ఆడవాళ్లు. అవ్వ గర్వంగా తల ఎగరేసింది.

హేగినే వేడివేడి రొట్టె తుంచి నోట్లో వేసుకుంది. తాపీగా నమిలింది.

"మా కోడలికి మూడ్రోజుల్లోనే తగ్గిందే అవ్వా" అంది హేగినే. "నేను కాపురానికొచ్చినప్పుడు నా చెయ్యి మానడానికి నెల పట్టింది."

"నెలా పదిరోజులు" అంది అవ్వ.